వెరసి: ఒక పారిభాషిక పదం, మూడు శాస్త్రాలు

ప్రస్తావన

కొన్నేళ్ల క్రితం ఒక పారిభాషిక పదకోశ నిర్మాణంలో భాషా సభ్యునిగా పాల్గొన్నాను. విషయ నిపుణులు ఆంగ్ల పదాన్నీ దాని నిర్వచనాన్నీ చీటీ మీద రాసి ఇచ్చేవారు. దానికి తగిన తెలుగు మాటను సూచించడం తెలుగు శాఖల నుంచి వెళ్లిన నా వంటివారి బాధ్యత. ఒక మధ్యాహ్నం 'సమ్మేషన్' అనే పదం మూడు చీటీల మీద, మూడు శాస్త్రాల నుంచి వచ్చింది. ఒకటి గణితం, రెండోది న్యాయశాస్త్రం, మూడోది శరీరధర్మశాస్త్రం. మూడింటి మీదా 'సంకలనం' అని రాసి పక్కన పెట్టాను. సభ్యులలో ఒకరైన విశ్రాంత న్యాయమూర్తి, "మా దగ్గర ఇది కూడిక కాదండీ" అన్నారు. శరీరధర్మశాస్త్ర ఆచార్యులు కూడా, "నాడీకణం కూడేది మన కూడికలాగా కాదు మేష్టారూ" అని ఏదో వివరించబోయారు. ఒక ఆంగ్ల పదానికి ఒకే తెలుగు పదం ఉండాలనీ, ఏకరూపతే పదకోశానికి ప్రాణమనీ నేను వాదించాను. భాష విషయం గనుక నా మాటే చెల్లింది. ఆ మూడు చీటీలకు పట్టిన కాలం అయిదు నిమిషాలు కూడా కాదు.

ఆ నిర్ణయం సరైనది కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఈ అభిప్రాయానికి నన్ను చేర్చినవాటిలో గ్రంథాలు కొంత, మా అమ్మ అనారోగ్యం కొంత. భాగాలు కలిసి ఒక మొత్తం ఏర్పడినప్పుడు ఆ భాగాలకు ఏమవుతుందనే ప్రశ్నకు ఈ మూడు శాస్త్రాలూ మూడు వేర్వేరు సమాధానాలు చెబుతాయి. ఒకే తెలుగు మాటతో ఆ మూడింటినీ కప్పివేయడం వల్ల పోయేదేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల పూర్వాపరాలు

మా తాతగారు కరణం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు రద్దయ్యేనాటికి ఆయన లేరు గాని, ఆయన స్వహస్తంతో రాసుకున్న ఇంటి లెక్కల పుస్తకాలు కొన్ని మిగిలాయి. ధాన్యం, కూలి, ఎరువు, పెళ్లి ఖర్చు ఏదైనా సరే, ప్రతి పుట అడుగునా 'వెరసి' అనే మాట, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. వెరసి అంటే అన్నీ కలిపి అని. దస్తావేజులలోనూ పాత పద్దులలోనూ ఈ మాట ఇటీవలి దాకా సజీవంగా ఉంది. ఇప్పుడు పత్రికా రచనలో 'వెరసి' అంటే 'ఇన్ని చెప్పినందువల్ల తేలేది' అనే అర్థం స్థిరపడింది. లెక్క తేలడం నుంచి విషయం తేలడం వరకు ఈ చిన్న మాట దూరమే నడిచింది.

ఆంగ్ల పదానికి మూలమైన లాటిన్ 'సుమ్మా'కు అర్థం అన్నిటికంటే పైది అని. రోమనులు అంకెలను కింది నుంచి పైకి కూడి, వచ్చిన మొత్తాన్ని వరుస శిరస్సున రాసేవారని నిరుక్తకారులు చెబుతారు. మా తాతగారి వెరసి పుట అడుగున ఉంటే వారి సుమ్మా తలపైన ఉండేది. మనం పదకోశాలలో వాడే 'సంకలనం' సంస్కృతంలోని కల ధాతువు నుంచి వచ్చింది. ధ్వని, లెక్కింపు అనేవి ఆ ధాతువుకు చెప్పిన అర్థాలు. అయితే తెలుగు సాహిత్య విద్యార్థికి సంకలనం అనగానే ముందు స్ఫురించేది కూడిక కాదు, కథా సంకలనమో కవితా సంకలనమో. ఒక సంకలనం వెలువడగానే మనవారు వేసే మొదటి ప్రశ్న, అందులో ఎవరిని వదిలేశారు అన్నది. కూడికలో ఏదీ వదలకూడదు. కథా సంకలనంలో వదలకుండా పని జరగదు. మన శాఖలలో రోజూ వాడే ఈ మాటలోనే రెండు విరుద్ధార్థాలు ఉన్నాయన్న సంగతి ఆ చీటీలు రాసిననాడు నాకు తోచలేదు.

గణితం: చితి, సంకలితం

మూడింటిలో గణితార్థమే సులభమైనదని మనం భావిస్తాం. భారతీయ గణిత గ్రంథాలను చూస్తే అక్కడా ఒక విభజన కనిపిస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో అమోఘవర్ష నృపతుంగుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహం ఎనిమిది పరికర్మలను చెబుతుంది. గుణకారం, భాగహారం, వర్గం, వర్గమూలం, ఘనం, ఘనమూలం, సంకలితం, వ్యుత్కలితం అనేవి అవి. ఇందులో మామూలు కూడిక, తీసివేతలకు స్థానం లేదు. అవి తెలిసినవారికే ఆ గ్రంథం. సంకలితం అంటే అక్కడ ఒక నియమం ప్రకారం పెరిగే శ్రేఢి మొత్తం. వ్యుత్కలితం అంటే ఆ శ్రేఢి నుంచి మొదటి కొన్ని పదాలు తీసివేయగా మిగిలినది. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన పద్యరూపంలో తెలుగు చేశాడు. తెలుగులో శాస్త్ర రచనకు తొలి మెట్లలో ఒకటిగా మనం చెప్పుకునే పుస్తకానికి మూలమైన గ్రంథంలోనే కూడిక వేరు, సంకలితం వేరు అనే ఎరుక ఉన్నదన్నమాట.

ఇంకా వెనక్కి వెళితే, 499 నాటి ఆర్యభటీయంలో ఈ మొత్తాలకు 'చితి' అనే మాట కనిపిస్తుంది. చితి అంటే పేర్చినది. 1, 2, 3, 4 అనే సంఖ్యల అంచెల మొత్తాలు 1, 3, 6, 10. వాటిని మళ్లీ కూడితే 20. అంగట్లో బత్తాయిలను త్రికోణంగా నాలుగు అంతస్తులు పేర్చితే సరిగ్గా 20 కాయలు పడతాయి. మొత్తాల మొత్తాన్ని ఆర్యభటుడు చితిఘనమన్నాడు. యజ్ఞవేదికకు ఇటుకలు పేర్చడం చితి, కాష్ఠాలు పేర్చడమూ చితే. తెలుగులో రెండో అర్థమే నిలిచింది గనుక ఈ మాటను పాఠ్యపుస్తకంలోకి తిరిగి తేలేము. అది వేరే సంగతి. పేర్చడంలో క్రమం ఉందని, ఏ వరుస మీద ఏ వరుస అన్నది అందులో ముఖ్యమని ఆ మాట గుర్తు చేస్తుంది.

ఆధునిక గణితంలో 1755లో ఆయిలర్ గ్రీకు అక్షరం సిగ్మాను మొత్తానికి గుర్తుగా వాడాడు. అంకెలు పరిమితంగా ఉన్నంతవరకు ఏ క్రమంలో కూడినా ఫలితం ఒక్కటే. 1 నుంచి 100 వరకు ముందు నుంచి కూడినా వెనుక నుంచి కూడినా 5050. అయితే ఆ 5050ని మాత్రమే చూసి అది ఏ అంకెల నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మొత్తం తేలిన మరుక్షణం భాగాలు అందులో కనబడకుండా పోతాయి. మా తాతగారి పుటలో వెరసి పైన పద్దులన్నీ ఉన్నాయి గనుక ఏ అంకె దేనిదో తెలుస్తుంది. పుట పైభాగం చినిగిపోతే మిగిలేది సంఖ్య ఒక్కటే.

అనంత శ్రేఢుల దగ్గర క్రమం అక్కరలేదనే నియమం కూడా సడలుతుంది. 1 నుంచి అరను తీసి, మూడో వంతు కలిపి, నాలుగో వంతు తీసి, ఇలా సాగితే ఆ మొత్తం సుమారు 0.693కు చేరుతుంది. అవే పదాలను, ఒక్కటి కూడా వదలకుండా, ఒక ధన పదం తరువాత రెండు రుణ పదాలు వచ్చేలా అమర్చితే మొత్తం సరిగ్గా సగమవుతుంది. ఇటువంటి శ్రేఢి పదాలను తగినట్టు అమర్చి కోరిన ఏ సంఖ్యకైనా చేర్చవచ్చునని పందొమ్మిదో శతాబ్దంలో రీమన్ నిరూపించాడు. అందులో ఏదీ దాచలేదు, ఏదీ చేర్చలేదు. వరుస మార్చడమొక్కటే జరిగింది. దీన్ని చదివినప్పుడు నాకు న్యాయస్థానం గుర్తుకు వచ్చింది.

న్యాయం: ఎవరు కూడుతున్నారు?

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జ్యూరీ విచారణలలో ఇరుపక్షాల సాక్ష్యం ముగిశాక న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్నంతా క్రోడీకరించి, వర్తించే చట్టాన్ని వివరించి జ్యూరీకి అప్పగించాలి. 297వ సెక్షన్ ఆ విధిని చెప్పింది. 1973 నాటి కోడ్ వచ్చేసరికి జ్యూరీ లేదు. 2024 వరకు అమలులో ఉన్న ఆ కోడ్ 234వ సెక్షన్‌లో మాత్రం ఆ ఆంగ్ల క్రియే కనిపించేది. ముద్దాయి పక్షం సాక్ష్యం ముగిశాక ప్రాసిక్యూటరు తన కేసును క్రోడీకరించి చెప్పాలి, దానికి ముద్దాయి తరఫువారు బదులు చెప్పవచ్చు అన్నది దాని సారాంశం. క్రియ మారలేదు, కర్త మారాడు. మొదటిది తటస్థుడు ఇరుపక్షాలనూ కూడి చెప్పడం, రెండోది ఒక పక్షం తన గెలుపు కోసం కూడి చెప్పడం. అమెరికా న్యాయస్థానాలలో 'సమ్మేషన్' అంటే ఈ రెండో అర్థమే.

తటస్థుని కూడిక ఎంత బరువైనదో నానావతి కేసు చెబుతుంది. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండరు నానావతి తుపాకి కాల్పులలో ప్రేమ్ అహూజా అనే వ్యాపారి మరణించాడు. జ్యూరీ 8–1 ఆధిక్యంతో ముద్దాయిని నిర్దోషి అన్నది. ఆ నిర్ణయంతో ఏకీభవించని సెషన్స్ న్యాయమూర్తి కేసును హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు జ్యూరీ నిర్ణయాన్ని తోసిపుచ్చుతూ, న్యాయమూర్తి జ్యూరీకి చేసిన క్రోడీకరణలోనే లోపాలు ఉన్నాయన్నది. పెనుగులాటలో ప్రమాదవశాత్తు తుపాకి పేలిందని ముద్దాయి చెబుతున్నప్పుడు, ఆ మినహాయింపును రుజువు చేసే భారం అతనిదేనని జ్యూరీకి చెప్పకపోవడం వాటిలో ఒకటి. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు హైకోర్టు నిర్ణయాన్ని సమర్థించింది. ప్రధాన తీర్పు రాసినవారు తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన తెలుగువారు కోకా సుబ్బారావు. రెండు స్థాయిలలోనూ సాక్ష్యం అదే. జ్యూరీ ముందు అది కూడబడిన తీరులో మాత్రం చెప్పవలసిన ఒక మాట లోపించింది.

న్యాయంలోని కూడికకు మరి రెండు నియమాలున్నాయి. తుది వాదనలో కొత్త సాక్ష్యం చేర్చరాదు. రికార్డులో లేనిది, ఎంత నిజమైనా, ఆ మొత్తంలోకి రాదు. రెండోది సందర్భ సాక్ష్యానికి సంబంధించినది. 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు స్పష్టపరచినట్టు, నేరాన్ని సూచించే ప్రతి పరిస్థితీ ముందు పూర్తిగా రుజువు కావాలి. ఆ తరువాతే అవన్నీ కలిసి తెగని గొలుసు అయ్యాయా అన్నది చూడాలి. అనుమానాలు పది ఉన్నా అవి కలిసి ఒక రుజువు కావు. బలహీనమైనవాటిని పోగుచేసి బలమైనదాన్ని తయారు చేయడాన్ని న్యాయం ఒప్పుకోదు. "మా దగ్గర ఇది కూడిక కాదండీ" అన్న ఆ న్యాయమూర్తి మాటకు అర్థం ఇదని తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

నాడి: కాలం, గడప

న్యాయం నిషేధించిన పనినే నాడీకణం నిత్యం చేస్తుంది. షెరింగ్టన్ 1906లో వెలువరించిన గ్రంథం నాడీవ్యవస్థ వేర్వేరు సంకేతాలను ఒక్కటిగా సమన్వయించే తీరును వివరించింది. తరువాతి పరిశోధనలు ఆ చిత్రాన్ని అంకెలలో చూపాయి. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి విద్యుత్ స్థితి సుమారు –70 మిల్లీవోల్టులు. అది సుమారు –55కు చేరితే కణం స్పందనను ముందుకు పంపుతుంది. ఒక నాడీసంధి నుంచి వచ్చే ఉత్తేజం తరచు ఒక మిల్లీవోల్టుకు కూడా చాలదు, పైగా కొద్ది మిల్లీసెకన్లలోనే క్షీణిస్తుంది. అందువల్ల ఒక ఉత్తేజం ఒంటరిగా ఏమీ చేయలేదు. అనేక సంధుల నుంచి ఉత్తేజాలు ఒకేసారి వస్తే అవి కలుస్తాయి. ఇది స్థలాన్ని బట్టి జరిగే కూడిక. ఒకే సంధి నుంచి వెంటవెంటనే వచ్చినా, మొదటిది చల్లారకముందే రెండోది చేరుతుంది. ఇది కాలాన్ని బట్టి జరిగే కూడిక. వీటిని అణచే నిరోధక సంకేతాలు కూడా అదే లెక్కలోకి వస్తాయి. గడప దాటకపోతే ఏ స్పందనా వెలువడదు, దాటితే పూర్తి స్పందన వెలువడుతుంది.

గణితంలో నిన్నటి 2కు నేటి 3 కలిపితే 5. నాడీకణానికి ఆలస్యంగా వచ్చిన 3 మూడు మాత్రమే, ఎందుకంటే మొదటి 2 అప్పటికే లేదు. ఇక్కడ ఎంత అన్న ప్రశ్నకు ఎప్పుడు అన్న ప్రశ్న తోడైతేగాని మొత్తం తేలదు.

ఈ విషయం నాకు పుస్తకంలో కంటే ముందు ఇంట్లో ఎదురైంది. డెబ్బై దాటిన మా అమ్మకు పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు కొన్ని వారాలలో మానాయి, నొప్పి మిగిలింది. చీర అంచు తగిలితే మంట, పక్కమీద ఒత్తిగిలితే మంట, ఫంకా గాలి తగిలినా చురుకు. ఆమె ఒక్కొక్కటీ చెబుతుంటే నేను ఒక్కొక్కదానికీ సమాధానం చెబుతూ వచ్చాను. "మెత్తటి చీర కట్టుకోమ్మా", "ఆ పక్కకు తిరిగి పడుకోమ్మా", "గాలికే నొప్పేమిటమ్మా". ఏ ఒక్కటీ నాకు పెద్దదిగా కనిపించలేదు. ఒకనాడు ఆమె విసిగి, "ఒక్కటీ పెద్దది కాదు నాన్నా, నేనూ అదే అంటున్నాను. అన్నీ ఒక్కచోట పోగు పడుతున్నాయి" అన్నది. నేను ఆ మాటను ముసలితనపు చాదస్తంగానే విన్నాను.

నొప్పి తీవ్రతను 0 నుంచి 10 వరకు అంకెలలో రోజూ రాసి తెమ్మని వైద్యులు చెప్పారు. కరణం మనవణ్ణి గనుక గళ్లు గీసి, పూటకొక అంకె వేసి, నెల చివర వెరసి కట్టి, రోజుల సంఖ్యతో భాగించాను. సగటు 3 వచ్చింది. ఆ 3 చూసి నాకు కొంత ఊరట కలిగింది. పుస్తకం అమ్మకు చూపించాను. ఆమె అద్దాలు సవరించుకుని చూసి, "ఈ మూడు ఏ రోజుది రా?" అని అడిగింది. వెతికాను. గళ్లలో సున్నాలూ ఒకట్లూ ఉన్నాయి, ఏడులూ ఎనిమిదులూ ఉన్నాయి. మూడు మాత్రం ఒక్కరోజు కూడా లేదు.

తరువాతి పర్యాయం వైద్యులు ఒక చిన్న పరీక్ష చేశారు. మొన ఉన్న సన్నని పుల్లను నొప్పి ఉన్న చోట ఒకసారి ఆనించి ఎంత అని అడిగారు. అమ్మ రెండు అన్నది. అదే ఒత్తిడితో, సెకనుకొకసారి చొప్పున పదిసార్లు ఆనించి చివరిదాన్ని చెప్పమన్నారు. ఏడు అన్నది. పుల్ల అదే, ఒత్తిడి అదే. పదోసారి తగిలేనాటికి వెన్నుపాములోని నాడీకణాలు మొదటిసారి ఉన్న స్థితిలో లేవు. నొప్పిని మోసే సన్నని నాడీతంతువులను మళ్లీ మళ్లీ ప్రేరేపిస్తే వెన్నుపాము కణాల స్పందన ప్రతిసారీ పెరుగుతూ పోతుందని 1966లో లోర్న్ మెండెల్ వెలువరించిన పరిశోధన చూపింది. ఇంటికి వచ్చే దారిలో నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆమె ఫిర్యాదులను నేను సందర్భ సాక్ష్యంలా విన్నాను. ప్రతిదీ విడిగా రుజువు కావాలన్నాను, ఏ ఒక్కటీ చాలదని కొట్టివేశాను. దాని తరువాత గణితంతో కూడి, భాగించి, ఎవరి అనుభవమూ కాని ఒక అంకెను తయారు చేశాను. రెండూ వాటి వాటి శాస్త్రాలలో సరైన పద్ధతులే. ఆమె శరీరంలో జరుగుతున్నది మూడోది.

పద నిర్ణయం

పైన చెప్పినవాటిని మూడు ప్రశ్నలుగా కుదించవచ్చు. క్రమం మారితే ఫలితం మారుతుందా? కాలం గడిస్తే భాగం నిలిచి ఉంటుందా? కూడేది ఎవరు? పరిమిత గణితంలో క్రమంతో పని లేదు, భాగం చెరగదు, కూడేవారు ఎవరైనా ఫలితం ఒక్కటే. న్యాయంలో భాగం రికార్డులో స్థిరంగా ఉంటుంది గాని, అమరికకూ కూడేవారి స్థానానికీ ప్రాధాన్యం ఎక్కువ. నాడిలో కూడేది గ్రహించే కణమే. అక్కడ భాగాలు క్షణాలలో కరిగిపోతాయి, కాలమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. పారిభాషిక పదానికి పర్యాయం వెతికేటప్పుడు ఆంగ్ల పదం ఒకటా రెండా అన్నదాని కంటే, ఆ పదం సూచించే క్రియ ఒకటేనా అన్నది ముందు చూడాలని నా అభిప్రాయం.

గణితంలో శ్రేఢి మొత్తానికి 'సంకలితం' మనకు వారసత్వంగా వచ్చిన పదం. 'సంకలనం' మామూలు కూడికకు ఉండనిచ్చి దీన్ని వేరు చేయవచ్చు. న్యాయంలో న్యాయవాది చేసే పనికి 'తుది వాదన' అని కోర్టులూ పత్రికలూ ఇప్పటికే వాడుతున్నాయి. ప్రజలు వాడే మాట ఉండగా కొత్తది అక్కరలేదు. జ్యూరీకి న్యాయమూర్తి చేసిన పనికి 'సాక్ష్య క్రోడీకరణ' చాలు. మూడోదానికి మా అమ్మ మాటనే ప్రతిపాదిస్తున్నాను. కట్టుబడు నుంచి కట్టుబాటు, తడబడు నుంచి తడబాటు వచ్చినట్టు, పోగుపడు నుంచి 'పోగుబాటు'. రెండు రకాలను 'వెంటవెంట పోగుబాటు', 'పలుచోట్ల పోగుబాటు' అనవచ్చు. వైరి సమాస భయమూ ఉండదు. పోగుపడినది కరిగిపోతుందనే అర్థం ఈ మాటలో లేదన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఆ అర్థం ఆంగ్ల పదంలోనూ లేదు. అది నిర్వచనం మోయవలసిన బరువు. పుటమీద తేలే మొత్తం కాకుండా, ఒక చోట పేరుకునే బరువు అనే భావం మాత్రం 'సంకలనం' కంటే ఇందులో స్పష్టం.

ముగింపు

మూడు చీటీలు మళ్లీ రాసి, కారణాలు జతచేసి, పదకోశ సంపాదకులకు పంపాను. పుస్తకం అప్పటికే అచ్చయింది. మలి ముద్రణలో పరిశీలిస్తామన్నారు. ఆనాటి న్యాయమూర్తికీ శరీరధర్మశాస్త్ర ఆచార్యులకూ విడివిడిగా ఉత్తరాలు రాశాను. వారి అభ్యంతరాన్ని వినకుండా ఏకరూపత పేరుతో తోసివేసినది నేనే గనుక ఆ మాట నేనే చెప్పడం ధర్మం.

అమ్మకు మందులతో నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. గళ్ల పుస్తకం ఇంకా రాస్తున్నాను. ఇప్పుడు అంకె పక్కన ఆ పూట ఏయే తాకిళ్లు ఎంత దగ్గర దగ్గరగా వచ్చాయో ఆమె చెబితే అదీ రాస్తున్నాను. పుట అడుగున వెరసి గడి మాత్రం గీయడం మానేశాను.